ద్రాగోబేతె నాడు సూది పట్టరు

మొన్న వినాయక చవితికి హైదరాబాద్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. కోడలు పాలతాలికలు చేసింది. యాలకులు నిండుకున్నాయట. పండగపూట దుకాణానికి ఎవరు పరిగెత్తుతారని దాల్చినచెక్క దంచి వేసేసింది. "ఈసారికి సర్దుకోండి మావయ్యా" అంటూ గిన్నె చేతికిచ్చింది. చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఉడికిన పిండి, తీపి, దాల్చినచెక్క. ఈ మూడూ కలిసిన వాసన ముక్కుకి తగిలి నలభై ఏళ్ళు కావస్తోంది.

"ఏం, బాలేదా?" అని ఆ పిల్ల కంగారు పడింది.

"బాగుందమ్మా. మార్చి తొమ్మిది గుర్తొచ్చింది" అన్నాను.

భాద్రపదంలో మార్చి ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. అది ఆమె తప్పు కాదు. నేను రుమేనియాలో చదివానని ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడి చలి గురించి, రొట్టె కోసం నిలబడ్డ క్యూల గురించి వంద సార్లు చెప్పి విసిగించాను. కానీ ఆ చలి పోయే రోజుల గురించి ఎప్పుడూ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

*

నేను చదివిన ఊరు ప్లోయెష్ట్. బుకారెస్ట్‌కి ఉత్తరాన, రైల్లో గంట దూరం. చమురు ఊరు. నాలుగు దిక్కులా రిఫైనరీలే. 1857లోనే చమురు ఉత్పత్తిని లెక్కగట్టి రాసుకున్న దేశం అది. ఆ ఏడే బుకారెస్ట్ వీధుల్లో కిరసనాయిలు దీపాలు పెట్టారు. ఈ రెండు ముక్కలూ మా ప్రొఫెసర్లు ప్రతి సెమిస్టర్ మొదటి క్లాసులో చెప్పేవారు. గోదావరి జిల్లా నుంచి స్కాలర్‌షిప్ మీద పోయినవాణ్ణి, చమురు చదువు అంటే అక్కడే అనుకుని పోయాను. ముందు ఒక ఏడాది భాష నేర్పారు. ఆ తరవాత బావులు తవ్వడం నేర్పారు.

నేనున్నవి ఆ దేశపు నియంత చౌషెస్కూ ఆఖరి ఏళ్ళు. పంచదారకీ నూనెకీ రేషన్. టీవీ రోజుకి రెండు గంటలు, అందులోనూ సగం ఆయన మొహమే. హాస్టల్లో రేడియేటర్ మీద చెయ్యి వేస్తే జ్వరం తగ్గినవాడి నుదురులా ఉండేది. కోటు వేసుకుని చదువుకునేవాళ్ళం, టోపీ పెట్టుకుని పడుకునేవాళ్ళం. కాఫీ కావాలన్నా, డాక్టరు గారు కాస్త శ్రద్ధగా చూడాలన్నా ఒక కెంట్ సిగరెట్ పెట్టె చేతిలో పెట్టాలి. సిగరెట్ తాగని నేను కూడా ట్రంకుపెట్టెలో నాలుగు పెట్టెలు దాచుకునేవాణ్ణి.

ఇంకో సంగతి. విదేశీయుడితో మాట్లాడిన రుమేనియన్ ఆ సంగతి పైవాళ్ళకి చెప్పాలి. రాత్రిపూట విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకోకూడదు. అందుకని మా క్లాసువాళ్ళు బయట ఎంత కలుపుగోలుగా ఉన్నా, "మా ఇంటికి రా" అనేవాళ్ళు కాదు. మనసు లేక కాదు. భయం. ఆ భయాన్ని పట్టించుకోనివాళ్ళు ముసలమ్మలొక్కరే. బస్సులో, మార్కెట్లో నన్ను చూడగానే "ఇండియా? రాజ్ కపూర్!" అని ఒక పాట ఎత్తుకునేవారు. మనకి రాని చరణాలు కూడా వాళ్ళకి వచ్చు.

*

మా క్లాసులో ఒకడు వలేని దె మున్తే పక్క పల్లెటూరివాడు. కొండల కింద, ప్లమ్ తోటల మధ్య ఊరు. ఆఖరి ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం "మా బూనిక నిన్ను చూడాలంటోంది, పొద్దున వెళ్ళి సాయంత్రం బండికి వచ్చేద్దాం" అన్నాడు. బూనిక అంటే నానమ్మ. అమ్మమ్మనీ అలాగే పిలుస్తారు. వాడి ధైర్యానికి ఆశ్చర్యపోయాను గానీ ఎందుకని అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని.

మనేచు వెళ్ళే చిన్న రైలు. పెట్టెలో చలి, కిటికీకి లోపలివైపు కూడా మంచు పూలు. దిగేటప్పుడు తొందరలో నా కోటు పైగుండీ తలుపు పిడికి తగులుకుని ఊడిపోయింది. జేబులో వేసుకున్నాను.

బూనిక గుమ్మంలోనే ఎదురొచ్చింది. డెబ్భై దాటి ఉంటుంది. నల్ల తలగుడ్డ, గొర్రెతోలు కోటు. చెయ్యి చాపుతుందనుకుని చెయ్యి చాపాను. ఆవిడ చెయ్యి పట్టుకోకుండా నా మోచేతి దగ్గర కోటుని రెండు వేళ్ళతో గట్టిగా ముట్టుకుని, "అయింది!" అని నవ్వింది. తరవాతే లోపలికి రమ్మంది.

మా వాడు సిగ్గుతో ఎర్రబడిపోయాడు. అప్పుడు చెప్పాడు. ఆ రోజు ఫిబ్రవరి 24, ద్రాగోబేతె. వాళ్ళ వైపు, దక్షిణాన, ఇది ప్రేమ పండగ, వసంతానికి గుమ్మం. ఆ రోజు ఆడవాళ్ళు వేరే ఊరి మగవాణ్ణి ఒక్కసారి ముట్టుకుంటే ఏడాదంతా ప్రేమకి లోటుండదట.

"ఇంతకన్నా దూరపు ఊరివాడు నాకెక్కడ దొరుకుతాడు?" అంది బూనిక.

లోపల పొయ్యి మండుతోంది. ఆ దేశంలో నాకు ఒళ్ళు వెచ్చబడ్డ గదులు చాలా తక్కువ. అందులో అదొకటి. మమలీగ పెట్టింది. మొక్కజొన్న సంకటే. పక్కన ఉప్పు జున్ను, పుల్లటి మీగడ. మా ఊళ్ళో సంకటి తిని పెరిగినవాణ్ణని చెబితే నమ్మలేదు, ఇండియాలో అందరూ అన్నమే తింటారని స్కూల్లో చెప్పారట. చిన్న గాజు గ్లాసులో త్సుయికా పోసింది. ప్లమ్ పళ్ళ సారా. గొంతులో దిగుతుంటే ఎక్కడెక్కడ ఏ ఎముక ఉందో తెలిసింది.

ఊడిన గుండీ చూపించి "సూది దారం ఉంటే ఇవ్వండి, కుట్టుకుంటాను" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడింది. "ద్రాగోబేతె నాడు సూది పట్టరు" అంది. ఆ రోజు కుట్టుపని, నేతపని, బట్టలుతకడం ఏదీ చెయ్యకూడదు. ఇల్లు ఊడ్చి సర్దుకోవచ్చు, పర్వాలేదు. "నువ్వు పట్టినా నా ఇంట్లో పట్టినట్టే. రేపైతే నేనే కుట్టిపెట్టేదాన్ని. కానీ రేపు నువ్వుండవు కదా." ఆ మాట అని కిటికీ వైపు చూసింది. రాత్రి ఉండకూడదన్న సంగతి ఆవిడకీ తెలుసన్నమాట. గుండీ మళ్ళీ నా జేబులోకే పోయింది, దానికి తోడు రెండు గుప్పెళ్ళ అక్రోటు కాయలు వచ్చి పడ్డాయి.

మధ్యాహ్నం పెరటి వెనక వాలుకి తీసుకెళ్ళింది. మంచు కరుగుతున్న చోట ఆకుల మధ్య నుంచి తెల్లటి పూలు తలవంచుకుని లేస్తున్నాయి. గియోచెయ్. మంచుని పొడుచుకుని వచ్చే మొదటి పువ్వు అదే. ఆవిడ చిన్నప్పుడు పెళ్ళికాని ఆడపిల్లలూ కుర్రాళ్ళూ మంచి బట్టలేసుకుని, గుడి అయ్యాక ఈ పూల కోసం కొండెక్కేవారట. నిప్పు రాజేసుకుని చుట్టూ కూచుని కబుర్లు. మధ్యాహ్నం కాగానే ఆడపిల్లలు ఒక్కసారిగా లేచి ఊరివైపు పరుగు. ఎవరి మీద మనసున్నవాడు ఆ పిల్ల వెనక పరుగు. పట్టుకుంటే అందరి ముందూ ముద్దు. ఆ ముద్దుకి ఊళ్ళో నిశ్చితార్థమంత విలువ. "ద్రాగోబేతె ఆడపిల్లల్ని ముద్దాడతాడు" అని సామెత కూడా ఉంది. పక్షులు కూడా ఆ రోజే జత కడతాయంటారు.

"నువ్వు గట్టిగా పరిగెత్తావా?" అని మనవడు ఏడిపించాడు.

"మీ తాతకి కాలు బాగోదు. నేను పరిగెత్తితే వాడేం పట్టుకుంటాడు? చెప్పులో ముల్లు గుచ్చుకుందని ఆగాను" అంది.

ముల్లు ఉందా లేదా అని మేమూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఒక రేకు గిన్నెలో, ఎవరూ తొక్కని చోట నుంచి మంచు ఎత్తుకుంది. దేవకన్యల మంచు అంటారు దాన్ని. కరిగించి దాచుకుని ఆ నీళ్ళతో మొహం కడుక్కుంటే అందం వస్తుందట. ఈ వయసులో ఎవరికోసమే అని మనవడంటే, "నాకోసం" అని గిన్నె మీద గుడ్డ కప్పింది.

సాయంత్రం బండికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర మరో ముగ్గురు ముసలమ్మలు. ఎవరు కబురు చేశారో! వరసగా వచ్చి నా కోటు చెయ్యి ముట్టుకున్నారు. ఒకావిడ రెండుసార్లు ముట్టుకుంది, మంచంలో ఉన్న చెల్లెలి తరఫున. రైల్లో మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "విదేశీయుడితో మాట్లాడితే రాసివ్వాలి. ముట్టుకుంటే ఏం రాయాలో రూల్లో లేదు." ఇద్దరం టోపీలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాం.

తమాషా ఏమిటంటే, మర్నాడు హాస్టల్లో ఈ పండగ గురించి చెబితే సగం మందికి ఆ పేరే తెలీదు. ఉత్తరాన సుచావా నుంచి వచ్చిన మా క్లాసమ్మాయి "అదేం పండగ? నువ్వే కల్పించి చెబుతున్నావు" అంది. వాళ్ళ దేశపు పండగ ఉందని నేను వాదించాల్సి వచ్చింది.

*

మర్త్సిషోర్ మాత్రం అందరిదీ. ఆ మాటే మార్చి నెలకి ముద్దుపేరు, చిన్ని మార్చి అన్నట్టు. మార్చి ఒకటిన ఎరుపూ తెలుపూ దారాలు కలిపి పేని, దానికి ఏదో చిన్న బొమ్మ తగిలించి, ఆడవాళ్ళకి ఇస్తారు. వాళ్ళు గుండెల మీద పిన్నుతో పెట్టుకుంటారు, లేదా చేతికి కట్టుకుంటారు. ఎరుపు రాబోయే ఎండ, తెలుపు పోతున్న మంచు అని ఒకరు చెప్పేవారు. కాదు, ఒకటి ఆడ ఒకటి మగ అని ఇంకొకరు. రోమన్ల కాలంలో మార్చి ఒకటే సంవత్సరాది కాబట్టి అప్పటినుంచీ వస్తోందని చరిత్ర తెలిసిన మాస్టారొకాయన. ఎవరి అర్థం వాళ్ళది. దారం మాత్రం ఒకటే.

ఫిబ్రవరి ఆఖరివారంలో ఊరి నడిబొడ్డున బల్లలు వెలిసేవి. దుకాణాల్లో అరలు ఖాళీ, బల్లల మీద మాత్రం వేలకి వేలు బొమ్మలు. నాలుగాకుల మొక్క, గుర్రపు నాడా, ఎర్ర రెక్కల మీద నల్లచుక్కల పురుగు, నిచ్చెన భుజాన వేసుకున్న పొగగొట్టాల పనివాడు. అదృష్టం తెచ్చేవన్నీ. చెక్క, తోలు, రేకు, సీసా మూతలు, దేనితో పడితే దానితో చేసేవారు. డబ్బు లేని మేము హాస్టల్లోనే చేసుకునేవాళ్ళం. పాత టెలిఫోన్ వైరులోంచి రాగితీగ లాగి, బావి తవ్వే రిగ్గు బొమ్మలు అల్లేవాళ్ళం. చమురు కాలేజీ కదా. అరంగుళం రిగ్గు. పైన ఎర్ర, తెల్ల దారం.

మొదటి ఏడాది నా చేతికి దారం ఇచ్చి పేనమంటే, పేనేసి, అలవాటుకొద్దీ ముళ్ళు వేసుకుంటూ పోయాను. తొమ్మిది ముళ్ళు. మా అమ్మ వరలక్ష్మీ వ్రతానికి తోరాలు కట్టడం చూసిన చేతులు. పసుపు పూయలేదు, అంతే తేడా. "ఇన్ని ముళ్ళేంటి, ఇది దారమా లెక్కల పరీక్షా?" అన్నారు. కానీ ఆ తొమ్మిది ముళ్ళ మర్త్సిషోర్ మా లేబరేటరీ మేడమ్ గారికి ఇస్తే, ఆవిడ నెలాఖరుదాకా కోటుకి పెట్టుకునే తిరిగారు.

ఎంతమందికి ఇవ్వాలన్నదే టెన్షన్. క్లాసులో ఆడపిల్లలందరికీ ఇవ్వాలి, ఒకరిని మర్చిపోతే ఏడాదంతా సాధిస్తారు. టీచర్లకి, మెస్సులో వడ్డించే ఆవిడకి, హాస్టల్ గేటు దగ్గర రాసుకునే ఆవిడకి. ఆ గేటావిడ మా రాకపోకలన్నీ ఎవరికి చేరవేస్తుందో అందరికీ తెలుసు. అయినా ఇచ్చేవాళ్ళం. ఆవిడా పెట్టుకునేది. వారం తిరగ్గానే మార్చి 8, మహిళా దినం. అప్పుడు పూల కోసం మళ్ళీ క్యూ. దాని గురించి చెప్పేదేం లేదు, అది ప్రభుత్వం వారి పండగ.

*

ఆఖరి ఏడాది మార్చి ఒకటిన ఇంకా చీకటి వదలలేదు. కరెంటు పొదుపని వీధి దీపాలు కూడా లేవు. హాస్టల్ గేటు దగ్గర నీకోసం ఎవరో ఉన్నారని కిందనుంచి కేకేశారు. సుచావా అమ్మాయి. ముక్కు ఎర్రగా ఉంది, చేతులు చంకల్లో దాచుకుంది.

"సూర్యుడు రాకముందే కట్టాలి. మా అమ్మ మాకు అలాగే కట్టేది" అంది.

"మీరు మాకు కట్టడమేంటి? మేం కదా ఇవ్వాలి?"

"అది మీ దక్షిణాది పద్ధతి. మా మోల్దోవా వైపు, బుకోవినాలో, ఆడపిల్లలే మగపిల్లలకిస్తారు."

నేను దక్షిణాదివాణ్ణి అయిపోయాను! నిజమే, ఏ లెక్కన చూసినా దక్షిణాదివాణ్ణే.

ఆమె దారం తీసింది. బొమ్మేమీ లేదు. "పాత రోజుల్లో దీనికి వెండి నాణెం కట్టేవారు. దారం తీసేశాక ఆ నాణెంతో జున్నూ ఎర్ర వైనూ కొనుక్కునేవారు, మొహం జున్నులా తెల్లగా, బుగ్గలు వైన్‌లా ఎర్రగా ఉండాలని. నా దగ్గర వెండి లేదు" అంది. తరవాత నా కోటు వైపు చూసింది. పైగుండీ లేక వారం రోజులుగా మెడ దగ్గర చలి కొడుతూనే ఉంది. బద్ధకం. గుండీ ఇంకా జేబులోనే, అక్రోటు పొట్టు మధ్య. తీసి ఇచ్చాను. ఆ ఎర్ర, తెల్ల దారాన్ని గుండీ కన్నాల్లోంచి పోనిచ్చి, కోటుకి ఊడిన చోటే ముడేసింది. అక్కడ గుండీ కాజాలో పెట్టుకోవడానికి పనికిరాలేదు, ఊరికే వేలాడింది. చలి అలాగే కొట్టింది.

పగలంతా మగపిల్లలు ఏడిపించారు. ప్లోయెష్ట్‌లో మగవాళ్ళు మర్త్సిషోర్ పెట్టుకోరు. "ఏరా, నీకు మహిళా దినం పూలు కూడా తేవాలా?" అన్నాడు బూనిక మనవడు. నేను తియ్యలేదు.

*

మార్చి 1 నుంచి 9 దాకా ‘బాబ’ల రోజులు. బాబా అంటే మనకి స్వామీజీ, వాళ్ళకి ముసలమ్మ. మొదట్లో ఈ మాటకి నేను తెగ నవ్వుకున్నాను. ఈ తొమ్మిది రోజుల్లో ఎవరికి వారు ముందుగానే ఒక రోజు ఎంచుకోవాలి. ఆ రోజు ఎండ కాస్తే ఏడాదంతా బాగుంటుంది, మబ్బేస్తే ఓపిక పట్టాలి. ఆ వారం ఎవరు ఎవరిని పలకరించినా "నీ బాబ ఎలా ఉంది?" అనే. నేను నాలుగో తేదీ ఎంచుకున్నాను. పొద్దున ఎండ, మధ్యాహ్నం వడగళ్ళు, సాయంత్రం మళ్ళీ ఎండ. ఇదేం జాతకమో చెప్పమంటే అందరూ తప్పించుకున్నారు.

తొమ్మిది ఎందుకంటే బాబా దోకియా కథ ఉంది. అత్తాకోడళ్ళ కథ, మనకి బాగా తెలిసిన సరుకే. దోకియా గయ్యాళి అత్త. ద్రాగోబేతె ఆమె కొడుకే అంటారు. కోడలికి నల్ల ఉన్ని ఇచ్చి, ఏట్లో తెల్లగా అయ్యేదాకా ఉతకమంటుంది. చలిలో ఆ పిల్ల చేతులు పగిలి ఏడుస్తుంటే దారినపోయే దేవుడు జాలిపడి ఒక ఎర్ర పువ్వు ఇస్తాడు. దాంతో ఉన్ని తెల్లబడుతుంది. కోడలి చేతిలో పువ్వు చూసి, వసంతం వచ్చేసిందనుకుని దోకియా తొమ్మిది గొర్రెతోలు కోట్లు వేసుకుని మేకల్ని తోలుకుని కొండెక్కుతుంది. రోజుకొక కోటు విప్పి పారేస్తుంది. ఆఖరిది కూడా తీసేశాక మంచు మళ్ళీ కమ్ముకుంటుంది. మేకలతో సహా గడ్డకట్టి రాయైపోతుంది.

ఆ రాళ్ళని కూడా చూశాను. మే నెలలో క్లాసంతా బుష్తేన్ వెళ్ళాం. కేబుల్ కారులో బుచేజ్ కొండల మీదికి, 2,200 మీటర్ల పైకి. బాబేలే అంటారు అక్కడి రాళ్ళని. గాలికి అరిగి పెద్ద పెద్ద పుట్టగొడుగుల్లా ఉంటాయి. నాకు ముసలమ్మలేమీ కనబడలేదు. సుచావా అమ్మాయి పక్కన నిలబడి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పింది, నాకు తెలిసిందే అయినా విన్నాను. తరవాత, "పాపం, కోడలు ఏమైందో ఎవరూ చెప్పరు" అంది.

అప్పట్లో రుమేనియన్ ఎవరైనా విదేశీయుణ్ణి పెళ్ళాడాలంటే స్టేట్ కౌన్సిల్ అనుమతి కావాలి. నెలలూ ఏళ్ళూ పట్టేది. అర్జీ పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళలో అన్నకో తండ్రికో ఉద్యోగంలో ఇబ్బంది మొదలయ్యేది. మా సీనియర్లలో ఒక జంట సంగతి అందరికీ తెలుసు. అందుకని నేను అడగలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. చదువు అవగానే ఎవరు ఏ ఊళ్ళో పనిచెయ్యాలో ప్రభుత్వమే వేసేది. ఆమెకి ఎక్కడో దూరాన సిమెంటు ఫ్యాక్టరీ పడింది. చమురు చదివిన పిల్లకి సిమెంటు ఎందుకో!

*

వెనక్కి వెళ్తున్నాను, మార్చి తొమ్మిదికి. ఆ దాల్చినచెక్క అక్కడిదే.

ఆ రోజు నలభై మంది క్రైస్తవ అమరుల పండగ. ముచెనీచ్ వండుతారు. గోధుమపిండిని ఎనిమిది అంకెలా చుట్టి చేస్తారు. మనిషి ఆకారమట అది. పాతకాలంలో పొలం పనులు మొదలయ్యేది కూడా అప్పుడే. లోపలున్న వేడి బయటికి రావాలని కర్రలతో నేలని కొట్టేవారని బూనిక చెప్పింది. ఆ రోజు మగవాళ్ళు నలభై గ్లాసుల వైన్ తాగాలని కూడా ఒక ఆచారం. మా హాస్టల్లో దాన్ని నిష్ఠగా ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు. పదకొండు దాటినవాణ్ణి నేను చూడలేదు.

కరెంటు పొయ్యిలు గదుల్లో వాడకూడదు. అందరి మంచాల కిందా ఉండేవి. రెషో అనేవాళ్ళం వాటిని. ఎర్రటి తీగచుట్ట, దాని మీద సత్తుగిన్నె. ఒకరి రేషన్ పంచదార చాలదని నలుగురం పోగేశాం. అక్రోట్లు బూనికవి. దాల్చినచెక్క నాది. మా అమ్మ పంపిన పార్శిల్లో కారప్పొడి, చింతపండు, ఇంగువ, వీటి మధ్య ఒక పొట్లం. దుకాణాల్లో దాల్చినచెక్క దొరికి ఎన్నాళ్ళయిందో, పొట్లం విప్పగానే గదిలో మాటలాగిపోయాయి. సుచావా అమ్మాయి ఒక ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, "మా అమ్మ ఇల్లు" అంది. నాకు అది మా అమ్మ ఇల్లు. నేను పైకి అనలేదు.

తరవాత దెబ్బలాట. దక్షిణాన చిన్న చిన్న ఎనిమిదులు చేసి పంచదార నీళ్ళలో ఉడికించి, అక్రోటు పొడీ దాల్చినచెక్కా చల్లి, పులుసుతో సహా చెంచాతో తింటారు. ఉత్తరాన పెద్దవి చేసి, కాల్చి, తేనె పూసి, అక్రోట్లు అద్దుతారు. "నీళ్ళలో ఉడికిస్తే అది పండగా, రోగుల తిండి" అని ఆమె. "మీది బేకరీ రొట్టె" అని బూనిక మనవడు. పులిహోరలో చింతపండా నిమ్మకాయా అని మా మేనత్తలు దెబ్బలాడుకున్నట్టే ఉంది. ఓవెన్ లేదు కాబట్టి దక్షిణాది గెలిచింది. సత్తుగిన్నెలో పిండి ముక్కలు ఉడికి పైకి తేలుతుంటే నేను "మా ఊళ్ళో కూడా ఇలాంటిదే, తాలికలంటాం, వినాయకుడికి" అని చెప్పాను. వినాయకుడు ఎవరని అడిగారు. చెప్పాను. ఏనుగు తల దగ్గర చాలాసేపు ఆగాం.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో, ఒకే గిన్నెలోంచి, ఆరుగురం తిన్నాం. అంత చలిలో గిన్నె చుట్టూ వేసిన చేతులు ఎవరివో ఎవరికీ తెలీదు.

*

1989 డిసెంబర్‌లో నేను కోనసీమలో ఒక రిగ్గు మీద ఉన్నాను. తిమిషోవారాలో, బుకారెస్ట్‌లో జనం చౌషెస్కూ మీద తిరగబడ్డారని రేడియోలో వింటూ నిద్రపోలేదు. ఉత్తరాలు అప్పటికే తగ్గిపోయాయి. బూనిక మనవడు చాలా ఏళ్ళ తరవాత ఫేస్‌బుక్‌లో దొరికాడు. బట్టతల. మొదటి మెసేజ్‌లోనే "నీ కోటు ముట్టుకున్న నలుగురూ పోయారు. మా బూనిక తొంభై దాటి బతికింది. నీ పుణ్యమే అనేది" అని రాశాడు.

ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 24కి ఫోటోలు పంపుతాడు. బుకారెస్ట్ షాపింగ్ మాల్స్‌లో ద్రాగోబేతె సేల్. ఎర్ర బెలూన్లు, రెండు డిన్నర్లకి ఒకటి ఫ్రీ. వాలెంటైన్స్ డే వచ్చాక, మనకీ ఒకటుంది కదా అని దీన్ని దేశమంతా లేపి నిలబెట్టారు. ఉత్తరాదివాళ్ళు కూడా చేసుకుంటున్నారట. ఏడవాలో నవ్వాలో తెలీదంటాడు వాడు. నాకైతే మరీ అంత బాధ లేదు. సగం దేశానికి పేరు కూడా తెలియని రోజులు చూశాను కదా. కాకపోతే ఆ రోజు సూది పట్టకూడదని బెలూన్లు అమ్మేవాళ్ళకి ఎవరైనా చెప్పారా అన్నదే నా అనుమానం.

మర్త్సిషోర్‌ని ఎవరూ లేపక్కర్లేకపోయింది. 2017లో రుమేనియా, పక్కదేశం మోల్దోవా, బల్గేరియా, ఉత్తర మాసిడోనియా నాలుగూ కలిసి యునెస్కో జాబితాలో ఎక్కించాయి. ప్రతి మార్చిలో వాడు ఒక దారం ఫోటో పెడతాడు. మనవరాలికి రాగితీగతో రిగ్గు చెయ్యడం నేర్పాడట.

సుచావా అమ్మాయి గురించి నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.

*

మర్త్సిషోర్‌ని ఊరికే తీసి పారెయ్యకూడదు. నెల తిరిగాక, పూసిన చెట్టు కొమ్మకి కట్టాలి. ఆ ఏడాది ప్లోయెష్ట్‌లో ఏప్రిల్‌లో అన్నీ ఒక్కసారే పూశాయి. చెర్రీలు, ప్లమ్‌లు, కాలేజీ వెనక ఆపిల్ చెట్టు. క్లాసువాళ్ళంతా వెళ్ళి కట్టేసి వచ్చారు. చెట్టు నిండా ఎర్ర, తెల్ల పోగులు. నేను కట్టలేదు. ఎందుకని అడిగితే మర్చిపోయానన్నాను. కోటు మీద నుంచి తీసి నిఘంటువులో పెట్టుకున్నాను. గుండీ ఉబ్బెత్తుగా ఉండటం వల్ల ఆ పుస్తకం మళ్ళీ సరిగ్గా మూతపడలేదు.

ఇంటికొచ్చాక వచ్చిన మొదటి ఉగాదికి ముందురోజు, పెరట్లో వేపచెట్టు తెల్లగా పూసి ఉంది. ఆ మధ్యాహ్నం నిఘంటువు తెరిచి, దారం తీసి, చేతికందే కొమ్మకి కట్టాను. గుండీ కాసేపు గాలికి తిరిగి ఆగింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ పచ్చడికి పువ్వు కోసుకోవడానికి పళ్ళెం పట్టుకుని వచ్చింది. చూసింది.

"ఇదేం మొక్కురా?"

"మొక్కు కాదమ్మా. చలికాలం పోయినప్పుడు కట్టే దారం. అక్కడ కడతారు."

"మనకి చలికాలం ఎక్కడేడ్చింది? మరి ఈ గుండీ ఏంటి?"

"కోటుది."

అమ్మ ఇంకేమీ అడగలేదు. నా మొహం వైపు ఒకసారి చూసి, పళ్ళెం చెట్టు కింద పెట్టి, ఒక్కొక్క కొమ్మే వంచి పువ్వు దులుపుకుంటూ పోయింది. ఆ కొమ్మ దగ్గరికి వచ్చి, దాన్ని ముట్టుకోకుండా, పక్క కొమ్మ అందుకుంది.